కిరీటం కింద చల్లదనం

ఎండగట్టు, 209వ రోజు

గొడుగు పని చేసే ప్రతి ఒక్కరూ దినచర్య పుస్తకం రాయాలని ఇక్కడ నియమం. ఏ నావ గొడుగుకి ఎన్ని పూతలు వేశాం, ఎక్కడ పెచ్చు లేచింది, ఎవరు సరిచూశారు, అంతవరకే రాయమన్నారు. నేను ఇంకొంచెం ఎక్కువే రాస్తాను. ఆదివారం ఆదివారం నిలబడి గంటన్నర వాక్యం చెప్పేవాడికి రెండు ముక్కల్లో ఆపడం చేతకాదు.

ఈరోజు ఏడో నంబరు నావకి మూడో పూత పూర్తి చేశాను. సరిచూసే దీపం పెట్టి మూల మూలా వెతికారు, ఒక్క పెచ్చు దొరకలేదు. స్తోత్రం. తెల్లసున్నం అని పిలుస్తాం గానీ అది సున్నం కాదు, పింగాణీ పొడి. గొడుగు సూర్యుడి వైపు ఉంటుంది, నావ దాని నీడలో దాక్కుంటుంది. మీద పడిన ఎండని ఆ తెలుపు తిప్పికొడుతుంది. మా ఎండగట్టు ఊరు మొత్తం, అరవై నాలుగు ప్రాణాలూ, ఇలాంటిదే ఒక పెద్ద గొడుగు చాటున బతుకుతున్నాం. నావలు మాత్రం ఇంకా లోపలికి, సూర్యుడి కిరీటంలోకి దూకి, వలలు చాపి, ఆ వేడి వాయువును పట్టుకుని బయటికొస్తాయి.

ఆ పొడి తడిగా ఉన్నప్పుడు చర్మాన్ని కొరికేస్తుంది. తొడుగులు వేసుకున్నా వేళ్ళ సందుల్లోకి దిగుతుంది. పదకొండేళ్ళకి నా అరచేతులు బీటలు వారిన గోడలా తయారయ్యాయి.

నావ నడిపేది మా అక్క కూతురు కెజియా. గొడుగు చూసుకోవడానికి వచ్చి నా చేతులు పట్టుకుంది.

"ఏంటి మావయ్యా ఇది, రక్తం కారుతోంది. కాస్త కొబ్బరినూనె రాసుకుంటే ఏం పోయింది?"

"పనిలోకి అలంకారాలు తేకూడదని పోయిన ఆదివారమే చెప్పాను. నువ్వు వెనక వరసలో నిద్రపోయావు."

"నిద్ర కాదు, ధ్యానం."

"గురక పెట్టి ధ్యానం చేస్తారటే?"

నావలోకి తొంగి చూశాను. నేను అనుకున్నదే. గొడుగు వైపు గోడకి, కూర్చునే చోటు పక్కనే, టేపు వేసి ఒక కొబ్బరినూనె సీసా అంటించి ఉంది. నావ లోపల ఎప్పుడూ ఇరవై డిగ్రీలే ఉంచుతారు కాబట్టి నూనె తెల్లగా, మైనంలా గడ్డకట్టి ఉంది. జడకి రాసుకోవడానికట. మూడు రోజుల ప్రయాణానికి జడేమిటి, నూనేమిటి? మన ప్రాణం అరచేతి మందం పింగాణీ మీద వేలాడుతుంటే మనసు వెంట్రుకల మీద ఉండొచ్చునా? అక్కడే నిలబడి పావుగంట చెప్పాను.

ఆ పిల్ల అంతా విని, "సీసా తియ్యను మావయ్యా" అంది.

210వ రోజు

ఏడో నావ వెళ్ళింది. కెజియాతో పాటు వల చూసే యోబన్న వెళ్ళాడు. మా ఆదివారం కూడికలో డప్పు వాయించేదీ, పాట ఎత్తుకునేదీ ఆయనే. నావలోకి ఎక్కే గడియ తలుపు దగ్గర ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశాను.

ఇక్కడ ఒక మాట రాసిపెట్టాలి. నేను పాస్టరుని కాను. నన్ను ఎవరూ అభిషేకించలేదు, ఏ బడిలోనూ వాక్యం చదువుకోలేదు. మా తాత చేపల బుట్టలో దాచుకున్న గ్రంథం, అట్ట ఊడిపోయింది, ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాను. ఎండగట్టుకి పాస్టరు రాలేదు. ఎవరో ఒకరు నిలబడాలి కదా అని నిలబడ్డాను.

నిలబడ్డాక ఊరికే ఉంటానా, పాట కూడా కట్టాను. "వేడి పెరిగితే పాపం దగ్గర, వేడి తగ్గితే ఇల్లు దగ్గర." తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం పాడుతున్నాం. కెజియా పదిహేనేళ్ళ వయసులో ఇక్కడికొచ్చింది, అప్పట్నుంచీ ఈ పాట వింటూనే పెరిగింది.

ఆ పాట కట్టిన కొత్తలో విశాలాక్షి గారు నన్ను పిలిపించారు. ఆమె దారి గదికి పెద్ద, నావలు ఎక్కడున్నాయో కనిపెట్టి ఉండేది ఆమే. రాజమండ్రి మనిషి.

"ఏవండోయ్ ఓబద్యా గారూ, మీ పాట బాగుందండి. అర్థమే తలకిందులుగా ఉంది."

"అదేంటండి?"

"సూర్యుడి మొహం మనకి కనపడేది, పళ్ళెం అంటాం చూడండి, అది ఐదున్నర వేల డిగ్రీలు. దాని మీద ఎర్రంచు, సన్నటి పొర. అందులో కాస్త తగ్గి, మళ్ళీ పెరిగి ఇరవై వేలు. ఆ పైన ఒక్కసారిగా లక్షల్లోకి ఎగురుతుంది. బయటున్న కిరీటం పది, పదిహేను లక్షలు. లోపలికి దిగేకొద్దీ వాయువు చల్లబడుతుందండి."

నాకు నవ్వొచ్చింది. "పొయ్యి దగ్గర వేడా, గుమ్మం దగ్గర వేడా అమ్మా?"

"మామూలు ఇంట్లో పొయ్యి దగ్గరే. ఈయన ఇంట్లో గుమ్మం దగ్గర. ఎందుకో సగమే తెలుసు మాకు కూడా."

"మరి పదిహేను లక్షల్లో నావ బూడిద అవ్వాలి కదా?"

"చిన్నప్పుడు కాకరపువ్వొత్తి కాల్చారా? ఆ రవ్వలు చేతి మీద పడితే కాలిందా? రవ్వ వేడి ఎక్కువే, కానీ ఉన్నది ఇసుమంత. కిరీటంలో వాయువు అంత పలచన. నావని కాల్చేది అది కాదు, పళ్ళెం వెలుగు. వాయువు వేడి వేరు, ఎండ వేడి వేరు. అందుకే నావకి వేడి కొలిచే మీటర్లు రెండుంటాయి. బయటికి చాచిన కర్ర చివరిది వాయువుకి, గొడుగులోది ఎండకి."

అగ్నిగుండంలో పడేసినా తలవెంట్రుక కమరని ముగ్గురు భక్తుల సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో! ఆమె చెప్పింది వింటే అదే గుర్తుకు రావాలి. రాలేదు. ఒక ఆడమనిషి నా పాట తప్పని చెప్పిందన్న మాటే మనసులో ఉండిపోయింది. "మీ సూర్యుడి సంగతి మీరు చూసుకోండి, ఆత్మల సంగతి నేను చూసుకుంటాను" అని లేచి వచ్చేశాను.

పాట మార్చలేదు.

211వ రోజు

పొద్దుటి పని మొదలుపెట్టి రెండు గంటలైంది. నాలుగో నావ గొడుగు గీకుతున్నాను. గోడలోంచి పిలుపు: "ఓబద్యా గారూ, ఒకసారి రండి." విశాలాక్షి గారి గొంతులో "ఏవండోయ్" లేదు.

వెళ్ళాను. సూర్యుడి మీద ఒక జ్వాల లేచిందట, ఎవరూ ఊహించనిది. ఏడో నావ అప్పటికి కిరీటం లోతుల్లోకి పడుతోంది. జ్వాల దాన్ని పక్కకి నెట్టేసింది.

"ఉన్నారా?"

"ఉన్నారు. నావ తనంతట తాను చివరి కబురు పంపింది. ఏం పనిచేస్తున్నాయి, ఏం పోయాయి అని." ఆమె తెర మీది వరసల్ని వేలితో చూపించారు. "కళ్ళు పోయాయి. గడియారం పోయింది. రేడియో పోయింది. గొడుగులో మీటరు పోయింది. ఇంజిను ఉంది, ఒక్కసారి వెలిగించడానికి సరిపడా. గొడుగు బావుంది, మీ పూత నిలబడింది."

"మిగిలింది?"

"కర్ర చివరి మీటరు. అదొక్కటే."

ఆమె ఒక కాగితం మీద గీత గీసి చూపించారు. నావ సూర్యుడి వైపు పడుతుంది, అడుగుకి చేరి, చుట్టుతిరిగి మళ్ళీ లేస్తుంది. జ్వాల నెట్టాక ఆ అడుగు మరీ కిందికి జారింది, ఎర్రంచు దాకా. ఇంకా పడుతుంటే వెంటనే ఇంజిను వెలిగించి దారి పైకి తిప్పుకోవాలి. అప్పటికే తిరిగి లేస్తుంటే వెలిగించకూడదు, ఎండగట్టు దగ్గర ఆగడానికి ఆ ఇంజినే కావాలి. పడుతున్నామో లేస్తున్నామో కళ్ళు లేకుండా తెలీదు. లోపల ఒంటికీ తెలీదు, అక్కడ బరువే ఉండదు.

"అయితే ఆ మీటరు చూసి తెలుసుకుంటారు కదండీ. వేడి తగ్గుతుంటే..."

అంటుండగానే నా పాట గుర్తొచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట అన్నదే విశాలాక్షి గారు ఇప్పుడు మళ్ళీ అనొచ్చు. అనలేదు. ఒక కుర్చీ నా వైపు జరిపారు.

లోపలికి దిగేకొద్దీ వాయువు చల్లబడుతుంది. పదిహేను లక్షలు, పన్నెండు, పది. ఆ మీటరు దిగుతుంటే కెజియా చూస్తుంది. పక్కన యోబన్న ఉంటాడు. వేడి తగ్గితే ఇల్లు దగ్గర. ఇంజిను ముట్టుకోరు. పాడుకుంటూ ఎర్రంచులోకి వెళ్ళిపోతారు.

212వ రోజు

పని చేశాను. నాలుగో నావకి మొదటి పూత. ఎవరు సరిచూశారో గుర్తులేదు.

మధ్యలో దారి గదికి వెళ్ళి, ఎలాగైనా ఒక మాట అందించమని అడిగాను. నాలుగు అక్షరాలు చాలన్నాను, "పాట తప్పు" అని.

"వాళ్ళకి చెవులు లేవండి ఓబద్యా గారూ. ఇంకోటి, అది ఇరవై నిమిషాల పని. నిన్ననే అయిపోయింది. వాళ్ళు ఏం చేశారో చేసేశారు. మనకి తెలిసేది రేపు మధ్యాహ్నం. వస్తే మూడో కిటికీలోంచి కనపడతారు."

"మీరప్పుడే చెప్పారు."

"చెప్పాను. మీరు వినలేదని నేను కూడా ఊరుకున్నాను. మళ్ళీ పిలిచి పోట్లాడాల్సింది. పాటే కదా అనుకున్నాను." ఆమె కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచారు, మళ్ళీ తుడిచారు. "టీ తాగుతారా?"

తాగాను. ఆ గదిలో నేను టీ తాగడం ఇదే మొదలు.

యానాంలో ఉన్న మా అక్కకి కబురు పంపాలి. ఎనిమిది నిమిషాల్లో చేరుతుంది. తొమ్మిదేళ్ళ కిందట రేవులో ఆ పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టి, "నీ మాట వింటుంది, నీకు భయపడుతుంది, నువ్వు జాగ్రత్తగా చూసుకో తమ్ముడూ" అంది. నా మాట వింటుంది. కబురు రాయలేకపోయాను.

సున్నం డబ్బాల మధ్య మోకాళ్ళూని ప్రార్థించాను. పదకొండేళ్ళలో వెయ్యి ప్రార్థనలు చేసి ఉంటాను, ఎక్కువ భాగం గట్టిగా, నలుగురికీ వినపడేలా. ఇది గొంతు దాటి రాలేదు. ప్రభువా, నా పాట ఆ పిల్ల మరచిపోవాలి. నేను చెప్పిన రోజులన్నీ ఆమె నిజంగానే నిద్రపోయి ఉండాలి. నా నోట వచ్చిన ఒక్క మాటైనా ఆమె చెవిన పడి ఉండకూడదు. నాకు వాక్యం చెప్పే భాగ్యం ఇంక వద్దు, తీసేసుకో, ఆ పిల్లని బయటికి పంపు.

213వ రోజు

వచ్చారు!

ఈ ఒక్క మాట పెద్ద అక్షరాల్లో రాసి పుస్తకం మూసేశాను. తర్వాత మళ్ళీ తెరిచాను, రాయకుండా ఉండలేక.

మధ్యాహ్నం మూడో కిటికీ దగ్గర అరవై మందిలో సగం మంది ఉన్నాం. ముందు చూసింది విశాలాక్షి గారు. "అదిగో" అన్నారు, అంతే, నేల మీద కూర్చుండిపోయారు. తెల్లటి చుక్క. దగ్గరికొచ్చేకొద్దీ గొడుగు అంచులు గోధుమరంగులో మాడి కనిపించాయి. నడిమధ్య మాత్రం తెల్లగానే ఉంది. ఇంజిను అయిపోయిన నావ ఆగదు కదా, పక్కనుంచి జారిపోతుంటే లాగే పడవ వెళ్ళి తాడు వేసి పట్టుకుంది.

గడియ తెరుచుకుంది. ముందు యోబన్న వచ్చాడు, నా భుజం మీద పడి భోరుమన్నాడు. వెనక కెజియా. జడ లేదు, జుట్టంతా రేగిపోయి ఉంది. నన్ను చూసి, "మావయ్యా, ఆకలేస్తోంది" అంది.

అన్నం, చింతకాయ పచ్చడి. ఇద్దరూ తింటుంటే మేమంతా చుట్టూ నిలబడి చూశాం. నేను అడగలేకపోతుంటే విశాలాక్షి గారే అడిగారు.

"మీటరు ఎంతలో ఉంది అమ్మా?"

"పదిహేను లక్షల్లో ఉండేదండి. చూస్తుండగానే పదమూడు, పన్నెండు. ఇంకేం, యోబు బాబాయ్ పాట ఎత్తుకున్నాడు."

"ఆయ్, ఎత్తుకున్నానండి" అన్నాడు యోబన్న, సిగ్గుపడుతూ. "డప్పు లేదని గోడ మీద వాయించేను. ఇంటికెళ్ళిపోతన్నాం పిల్లా, ఇంజిను ముట్టుకోకు అన్నాను. ఒట్టండి, అన్నాను."

నేను కళ్ళు మూసుకున్నాను.

"నేను కూడా నమ్మేశాను మావయ్యా" అంది కెజియా. నా వైపు చూడకుండా, అన్నం కలుపుతూ అంది. "శిక్షణలో ఈ పొరలన్నీ చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ టయానికి బుర్రలోకి పాఠం రాలేదు, పాటే వచ్చింది. మీటరు దిగుతుంటే నా భయం కూడా దిగిపోయింది. నేను కూడా గొంతు కలిపాను."

"మరి?"

"జడ విడిపోయి జుట్టు కళ్ళకి అడ్డం తేలుతోంది. సరే, ఇంటికే కదా వెళ్తున్నాం, జడ వేసుకుందాం అని సీసా తీశాను. ఎప్పుడూ వేలు పెట్టి గోకితే గానీ రాదు. మూత తియ్యగానే నీళ్ళలా బయటికొచ్చేసింది. గోళీ అంత నూనె నా మొహం ముందు తేలుతోంది."

విశాలాక్షి గారు "ఓ" అన్నారు మెల్లగా.

"బాబాయేమో చలిమిషను చెడిపోయిందన్నాడు. వెళ్ళి గొట్టం పట్టుకుని చూశాను, ఎప్పట్లాగే మంచులా ఉంది. మిషను చేసే పని అది చేస్తోంది. అయినా గోడ వేడెక్కుతోందంటే ఎండ పెరుగుతోంది. సీసాలో అడుగున ఉసిరికాయంత తెల్లముద్ద మిగిలింది. దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఉసిరికాయంతది బఠాణీ అంత అయింది. లేస్తుంటే పెరగాలి కదా, తరుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది పాఠం."

"నేనప్పటికీ పాడతానే ఉన్నానండి" అన్నాడు యోబన్న. "మీటరు పది లక్షలకి దిగింది. ఈ పిల్లేమో ఇంజిను మీద చెయ్యేసింది. వద్దే, పాస్టరు గారి మాట అబద్ధం అవుద్దా అని చెయ్యి పట్టుకున్నాను. ఏవందో తెలుసాండి?"

"బాబాయ్, ఆ నూనె గోడకున్నప్పట్నుంచీ మావయ్య దాన్ని తిడుతూనే ఉన్నాడు, అది మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. ఈ ఒక్కసారి దాని మాట విందాం, అన్నాను" అంది కెజియా. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు.

వెలిగించింది. పావుగంటకి గోడ చల్లబడింది. ఇంకో అరగంటకి సీసా మూల తెల్లటి పొర కట్టింది. దాన్ని చూసి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని గెంతారట, బరువు లేని చోట తలలు కప్పుకి కొట్టుకున్నాయట. యోబన్న నుదుటి మీద బొప్పి చూపించాడు.

అక్కకి అప్పుడు రాశాను. అంతా రాశాను, పాటతో సహా. పదహారు నిమిషాలు దాటాక జవాబొచ్చింది: "నీ పాట తగలెయ్య తమ్ముడూ. పిల్లకి అన్నం పెట్టావా?"

214వ రోజు, ఆదివారం

సాక్ష్యాల వేళ నేనే ముందు నిలబడ్డాను. ఎప్పుడూ బల్ల వెనక నిలబడేవాణ్ణి, ఈరోజు జనం మధ్యలో, యోబన్న పక్కన. విశాలాక్షి గారు మొదటిసారి కూడికకి వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వెనక వరసలో కూర్చున్నారు.

ప్రియులారా, నేను మీకు తప్పు నేర్పాను, అన్నాను. సూర్యుడి గురించి తెలియకుండా సూర్యుడి మీద ప్రమాణం చేశాను. చల్లగా ఉన్నదల్లా దేవుడి వైపు కాదు. ఒంటికి హాయిగా ఉంటే ఇంటికి వెళ్తున్నట్టు కాదు. నా పాట మీ పిల్లలకి ఈ క్షణం నుంచి నేర్పొద్దు. తెలిసినావిడ వచ్చి చెబితే, ఆమె ఆడమనిషి అనీ, నా మందిరపు మనిషి కాదనీ పెడచెవిన పెట్టాను. ఆమె నోట సత్యమే వచ్చింది. నా నోట వచ్చింది గర్వం.

ఆ పిల్ల నా పాట మరచిపోవాలని ప్రార్థించాను. దేవుడు మరపించలేదు. పాట పూర్తిగా గుర్తుంది, ఇద్దరూ గొంతెత్తి పాడారు. నేను అడిగింది ఆయన ఇవ్వలేదు, నేను తిట్టినదాన్ని ముందే పంపి గోడకి అంటించి ఉంచాడు. అలంకారం అన్నాను. దేన్ని అలంకారం అన్నానో చూడండి!

గొంతు పెరిగిపోయింది. పెరగనిమ్మన్నాను, ఇంతకాలం తప్పుకి అరిచాను, ఒక్కరోజు నిజానికి అరుస్తాను. బల్ల గుద్దాలనిపించింది గానీ బల్ల దూరంగా ఉంది. ఇకమీదట నేను వాక్యం చెప్పను, ఇంకెవరైనా నిలబడండి, అని కూర్చున్నాను.

ఎవరూ నిలబడలేదు. వెనక నుంచి విశాలాక్షి గారి గొంతు: "ఏవండోయ్, కొత్త పాట కట్టండి. ఈసారి నాకు చూపించి కట్టండి."

కెజియా లేచి వచ్చింది. చేతిలో సీసా. ఎండగట్టు గదులు నావలకన్నా వెచ్చన, నూనె కరిగి బంగారంలా ఉంది.

"చేతులివ్వు మావయ్యా."

ఇచ్చాను. అరచేతుల్లో పోసి, ఒక్కొక్క బీటలోకీ బొటనవేలితో రుద్దింది. మండింది, తర్వాత చల్లబడింది. మిగిలిన నాలుగు చుక్కలూ తన చేతికి తుడుచుకుంటుందనుకున్నాను. నా నడినెత్తిన పోసి తట్టింది.

"నీకు పాస్టరు పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, మానెయ్యమని కూడా ఎవరూ చెప్పలేదు. లేచి ప్రార్థన చెయ్యి. అందరికీ ఆకలేస్తోంది."

చెవుల పక్కనుంచి మెడ మీదికి నూనె కారుతుండగా లేచి నిలబడ్డాను. చాలా చిన్న ప్రార్థన చేశాను.

215వ రోజు

ఏడో నావ గొడుగు మాడిన అంచులు గీకి మొదటి పూత వేశాను. విశాలాక్షి గారి ఉత్తర్వు: తొమ్మిది నావల్లోనూ గొడుగు వైపు గోడకి ఒక కొబ్బరినూనె సీసా ఉండాలి. సీసా పెట్టే చోట తెల్లసున్నంతో గుండ్రం గీయమన్నారు. తొమ్మిదీ గీశాను.

చేతులకి నూనె ఉండడం వల్ల కుంచె రెండుసార్లు జారింది. సరిచూసింది: కెజియా.